కణాలు లేని గిన్నె

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక జనవరిలో, షికాగోలోని ఒక యూనివర్సిటీ క్యాన్సర్ ల్యాబ్‌లో సీనియర్ సైంటిస్టుగా చేరాను. పేపర్ బయటికి పంపే ముందు అందులోని ప్రయోగాలను మళ్ళీ చేసి సరిచూడడం నా పని. నలుగురూ దగ్గరకు తీసే ఉద్యోగం కాదది. నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. సాయంత్రం రైలెక్కి నేపర్‌విల్‌లో నేనొక్కదాన్నే ఉండే ఇంటికి చేరేదాన్ని. రోజంతటిలో నాతో తెలుగు మాట్లాడే మనిషి శిరీష ఒక్కతే. గుంటూరు పిల్ల, పీహెచ్‌డీ అయ్యాక మా ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా తాత్కాలిక ఉద్యోగంలో ఉంది. నన్ను ఆంటీ అనేది.

క్యాన్సర్ కణం ఊరికే ఉండదు. ఆర్ఎన్ఏ ముక్కలను సన్నని కొవ్వు తిత్తుల్లో పెట్టి బయటికి వదులుతుంది. పక్క కణం వాటిని అందుకుని ఆ కబురు ప్రకారం నడుచుకుంటుంది. కణాలు పెరిగిన ద్రవాన్ని మహావేగంగా తిప్పితే ఆ తిత్తులు అడుక్కు దిగుతాయి. వాటిలో ఒక కొత్త కబురును పట్టుకున్నానని శిరీష నమ్మకం. మూడేళ్ల కష్టం. ఆ పేపర్ వస్తేనే ఆమెకు తర్వాతి ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే వీసా.

ఆమె ప్రయోగాన్ని మళ్ళీ చేస్తూ నేను అదనంగా ఒక గిన్నె పెట్టాను. ద్రవం ఉంది, కణాలు లేవు. అందులోనూ అదే ఆర్ఎన్ఏ, దాదాపు అంతే వచ్చింది. కణాలకు ఆహారంగా ఆ ద్రవంలో వేసే సీరం దూడ రక్తం నుంచి తీసింది, అందులోనూ ఇలాంటి తిత్తులుంటాయి. శిరీష సీరాన్ని ముందే శుభ్రం చేసింది గానీ అవి పూర్తిగా పోవు. పైగా ఆ చిన్న ఆర్ఎన్ఏ ఆవులోనూ మనిషిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే. చదివి అది ఎవరిదో కనిపెట్టలేం. అంటే శిరీష పట్టుకున్న కబురు క్యాన్సర్ కణం పంపింది కాదు, దూడ సీరంలోంచి వచ్చింది.

“ఆంటీ, ఇంకోసారి రన్ చేద్దామా? ప్లీజ్,” అంది. చేశాం. కొత్త సీరం తెప్పిద్దామంది. తెప్పించాం. ఫలితం మారలేదు. డైరెక్టరుకు చెప్పాల్సింది నేనే కాబట్టి చెప్పాను. ఆయన పేపర్ ఆపేశారు.

మర్నాడు శిరీష “గుడ్ మార్నింగ్, డాక్టర్” అంది. ఆ రోజు మొదలు నాతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడింది, ఎంతో మర్యాదగా. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. అంతవరకూ ఆమెతో కలిసి తినేదాన్ని, ఇక లంచ్ బాక్సు నా డెస్క్ దగ్గరే తెరవడం అలవాటు చేసుకున్నాను. వేసవిలో ఆమె ఇండియా వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే తీయలేదు.

నేను చెప్పింది నిజమే, ఇవాళ అడిగినా అదే చెబుతాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు మాత్రం ఒక మాట. కణాలు లేని గిన్నెను ప్రయోగాలు మొదలైన మొదటి వారంలోనే పెట్టండి. అప్పుడు పోయేది కాస్త సీరం. ఆఖర్న పెడితే ఒక మనిషిని పోగొట్టుకుంటారు.