ఊపిరితిత్తుల్లో దుఃఖం ఉందన్నాడు మా అన్న

గుడ్‌ఫ్రైడే పాటల ప్రాక్టీసులో రెండో చరణం మధ్యలో నాకు ఊపిరి అయిపోయింది. పాట రాక కాదు. చిన్నప్పటి నుంచి మా సంఘంలో ముందు నిలబడి పాట ఎత్తుకునేది నేనే. ఆ రోజు గొంతు ఉంది, లోపల గాలి లేదు. పక్కవాళ్ళు అందుకున్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఇంటికి నడిచి వచ్చేసరికి వీపంతా చెమట, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. ఎండల వల్ల అనుకున్నాను.

మాది కేజీఎఫ్‌లో ఆండర్సన్‌పేట. ఇక్కడే ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన ప్రభాకర్ ఆటో నడుపుతాడు. మాకు ఒక్కతే కూతురు. ఇక్కడి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక మా నాన్న వాటిలో పనికి చేరి, అవి మూతపడేదాకా భూమి కింద పని చేసినవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్‌తో పోయాడు. ఆఖరి రోజుల్లో ఆయన్ని ఎక్కువగా చూసుకున్నది నేను. అంత దగ్గు విన్నదాన్ని, నా దగ్గును మాత్రం లెక్కచేయలేదు. మా పేటలో దగ్గు గనిలోకి దిగిన మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళు దగ్గితే పొగ అంటారు, పోపు అంటారు, సుద్దముక్క పొడి అంటారు. నేనూ సుద్దముక్క పొడే అన్నాను.

జాకెట్లు వదులవుతూ వచ్చాయి. తరగతిలో పాఠం చెబుతూ కుర్చీ వెతుక్కోవడం మొదలైంది. చివరికి మా ఆయనే ఆటోలో కూర్చోబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కఫానికి స్పుటం టెస్ట్, ఎక్స్‌రే. స్పుటం పాజిటివ్, పల్మనరీ టీబీ, అంటే ఊపిరితిత్తుల క్షయ. డాక్టరమ్మ కన్నడావిడ, మాతో కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేది. ఆరు నెలలు మందులు మింగాలని, మధ్యలో బాగున్నట్టు అనిపిస్తుందని, అప్పుడే అందరూ మానేస్తారని చెప్పింది. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది.

మాత్రలు హెల్త్ సెంటర్లో వర్కర్ ఎదుట నిలబడి మింగాలి. పిడికెడు మాత్రలు. మూత్రం ఎర్రగా వచ్చేది, తిన్నది లోపల నిలిచేది కాదు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు, కానీ వరుసలో ఉన్న మనిషితో మాట్లాడే తీరిక ఎవరికి ఉంటుంది? నోరు తెరువు, మింగు, తర్వాతివాళ్ళు రండి. నాన్నను అలా చూసి, ఆ మీదట నాకే ఊపిరితిత్తుల జబ్బు వస్తే లోపల ఎంత భయం ఉంటుందో అడిగినవాళ్ళు లేరు.

అడిగింది మా అన్న.

దేవసహాయం అన్న నాకు సొంత అన్న. గనుల ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాడు. గనులు మూతపడ్డాక ఖాళీగా కూర్చోలేక మద్రాసు వెళ్ళి చైనా వాళ్ళ సూదుల వైద్యం, ఆక్యుపంక్చర్, నేర్చుకుని వచ్చాడు. ఇంటి ముందుగదిలో బల్ల వేసి, గోడకు ఒళ్ళంతా గీతలున్న మనిషి బొమ్మ తగిలించాడు. మా సంఘంలో పెద్ద కూడా ఆయనే. మొదట్లో మిగతా పెద్దలు, ఇది అన్యుల విద్య, వద్దన్నారు. అన్న ఒక ఆదివారం లేచి మాట్లాడాడు. చైనా వాళ్ళు ఒంట్లో తిరిగే ప్రాణశక్తిని చీ అంటారట. పిల్లలు కిసుక్కున నవ్వారు. దేవుడు మట్టిబొమ్మ ముక్కులో ఊదిన ఊపిరి అదే కాదా అన్నాడు. వాళ్ళు చలువా వేడీ సమతూకంగా ఉండాలంటారు, మనం మనసుకు శాంతి సమాధానం ఉండాలంటాం, రెండూ ఒకటే అన్నాడు. కోపం కాలేయాన్ని, దుఃఖం ఊపిరితిత్తుల్ని పాడుచేస్తాయని వాళ్ళు చెబితే, క్షమించని మనసు ఒంటిని తినేస్తుందని మనమూ చెప్తాం కదా అన్నాడు. అద్భుతంగా మాట్లాడతాడు మా అన్న. ఆ తర్వాత సంఘంలో సగంమంది మోకాళ్ళు ఆయన బల్ల మీదే ఉన్నాయి. అబద్ధమెందుకు, చాలామంది నొప్పులు తగ్గాయి కూడా.

నేను వెళ్ళిన రోజు రెండు చేతుల నాడీ మూడేసి వేళ్ళతో పట్టి చాలాసేపు చూశాడు. నాలుక చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నాన్న పోయినప్పుడు నువ్వు ఏడ్చినావామ్మా?"

"లేదన్నా. పనులన్నీ అయినాక ఏడుద్దామనుకున్నా. ఇంగ అయిపోలేదు."

"అదే. ఆ దుఃఖం నీ ఊపిరితిత్తుల్లో కూర్చోనుండాది."

అప్పుడు ఏడ్చాను. నాన్న పోయినప్పటి నుంచి ప్రార్థనలో నాకు మాట రావడం లేదనీ, పాటలు పాడుతున్నా లోపల ఏమీ లేదనీ, దేవుడి మీద కోపంగా ఉందనీ చెప్పేశాను. మా ఆయనకు కూడా చెప్పని మాట అది. అన్న తల నిమిరి ప్రార్థన చేసి, సూదులు పెట్టాడు. ఆ రోజు కమ్మగా నిద్రపోయాను. ఆ నిద్ర నిజం. ఇప్పటికీ దాన్ని కాదనను.

రెండూ సాగాయి, మాత్రలూ సూదులూ. జ్వరం పోయింది, అన్నం రుచి తెలిసింది. రెండు నెలలకు మళ్ళీ పరీక్ష చేస్తే స్పుటం నెగెటివ్. నెగెటివ్ అంటే క్రిములు కనబడలేదని, పోయినట్టు కాదని, ఇంకా నాలుగు నెలలు ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నేను విన్నాను. నెగెటివ్ అన్న ముక్క ఒక్కటే మా అన్న విన్నాడు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడం ఒక పద్ధతి. మేలు జరిగితే సభలో లేచి నిలబడి, దేవుడు నాకిది చేశాడని చెప్పాలి. పూర్తిగా జరగకముందే విశ్వాసంతో చెప్పేవాళ్ళూ ఉన్నారు, అది ఇంకా గొప్ప అనుకుంటారు. అన్న నన్ను లేపాడు. ఊపిరి ఇచ్చినవాడే తిరిగి ఇచ్చాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. కొందరు ఏడ్చారు. నాకూ సంతోషంగానే ఉండింది. అన్న కళ్ళల్లో గర్వం చూసి ఇంకా సంతోషమేసింది.

మర్నాడు అన్న మా ఇంటికి వచ్చేసరికి, నేను, నెగెటివ్ వచ్చాక సెంటర్లో వారానికోసారి ఇంటికిస్తున్న మాత్రల పట్టీ చేతిలో పట్టుకుని నీళ్ళ చెంబు అందుకుంటున్నాను. మా ఆయన అక్కడే షర్టు వేసుకుంటున్నాడు. అన్న ఆ పట్టీ వైపు చూసి అన్నాడు. "సభ ముందర దేవుడు బాగు చేసినాడని చెప్పి, ఇంటికొచ్చి మాత్ర మింగితే, ఎవురు బాగు చేసినట్టమ్మా?"

మా ఆయన, రెండూ కానీలే బావా, మాత్రా మింగుతుంది, ప్రార్థనా చేస్తుంది అన్నాడు. అన్న నవ్వి, సూదులతో ఒంట్లో దారులు తెరుచుకున్నాయనీ, ఆ వేడి మాత్రలు మళ్ళీ మూసేస్తాయనీ నచ్చజెప్పాడు. నేను చెంబు కింద పెట్టాను. మాత్ర మింగితే నిన్నటి సాక్ష్యం అబద్ధమవుతుంది. బయటివాళ్ళకు ఇది పిచ్చిగా తోస్తుందని తెలుసు. మాలో పెరిగినవాళ్ళకు ఆ ముడి ఎంత గట్టిదో చెప్పక్కర్లేదు. హెల్త్ వర్కర్ పాపం ఇంటికి రెండు మూడుసార్లు వచ్చాడు. ఊళ్ళో లేనని చెప్పించాను.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత దగ్గు వచ్చింది. అన్న ఇంకో రెండు సూదులు పెంచాడు, ఉపవాసం ఉండమన్నాడు. అసలే సన్నబడుతున్న మనిషిని ఉపవాసం ఉన్నాను. ఒకరోజు తరగతిలో దగ్గి చేతిరుమాలు తీసి చూస్తే రక్తం. ముందు బెంచీ పిల్లలు చూశారు. నాకు నా ప్రాణం కంటే ముందు వాళ్ళ ముక్కులు, నా కూతురి ముక్కు గుర్తొచ్చాయి.

ఈసారి కోలారులో పెద్దాసుపత్రి. కొత్త మిషన్లో స్పుటం పెట్టి చూసి, రిఫాంపిసిన్ రెసిస్టెంట్ అన్నారు. అంటే మందులు మధ్యలో ఆపితే బతికిన క్రిములు మొండికేశాయి, పాత మాత్రలు ఇంక పనిచేయవు. అన్న కూడా మాతో వచ్చాడు. తోడు కదా అనుకున్నాను. అక్కడి డాక్టరు ఫైలు తిరగేసి, కోర్సు మధ్యలో ఎందుకు ఆపారు, ఎవరు ఆపమన్నారు అని అడిగాడు. నేను అన్న వైపు చూశాను. తానే చెబుతాడనుకున్నాను. సూదుల సంగతి, ప్రాణశక్తి సంగతి, సభలో అంత బాగా చెప్పిన మనిషి ఇక్కడా చెబుతాడనుకున్నాను.

"నేను మాత్రలు మానమని ఏనాడూ చెప్పలేదు డాక్టర్," అన్నాడు అన్న. "సూదులు నొప్పులకు పెడతా, అంతే. ఈమెదే తొందర."

మా ఆయన లేచాడు. "నా ఇంట్లో, నా ముందర అంటివి గదా బావా."

"నేను అడిగినాను ప్రభాకరా. మానమని చెప్పలేదు."

డాక్టరు ఆ పంచాయితీ వినలేదు. ఎవరన్నారో తర్వాత చూసుకోండి, ఇప్పుడు ఏ మందు పనిచేస్తుందో చూద్దాం అన్నాడు. నాన్నను ఇద్దరం కలిసి మోసినవాళ్ళం. ఆ మనిషి నన్ను డాక్టరు బల్ల ముందు ఒంటరిగా వదిలి పక్కకు జరిగాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఆదివారం నేను వార్డులో ఉండగా, ఆయన ప్రసంగంలో నా సంగతి ఎత్తాడట. పేరు చెప్పలేదట. మన పాటల బృందంలో ముందు నిలబడేవాళ్ళే లోపల దేవుడి మీద కోపం పెట్టుకుంటే, ప్రార్థనలో మాట రాకపోతే, ఏ వైద్యం పనిచేస్తుంది అన్నాడట. మా సంఘంలో పాట ఎత్తుకునేది నేనొక్కదాన్నే, ఇంక పేరెందుకు? మా ఆయన వచ్చి ఆ మాట చెబుతూ, ఇది నిజంగా నువ్వన్నావా అని అడిగాడు. నాడి పట్టించుకుంటూ ఏడ్చి చెప్పిన మాట నా మొగుడికి నా నోటి నుంచి కాక ప్రసంగపీఠం మీద నుంచి అందింది. జబ్బు నన్ను మోసం చేయలేదు, అది జబ్బులాగే ఉంది. మోసం చేసింది మా అన్న.

కొత్త మందులు రెండేళ్ళ దాకా సాగాయి. మొదట్లో నెలల తరబడి రోజూ ఇంజెక్షన్. తుంటి మీద చోటు మిగల్లేదు. చెవుల్లో హోరు మొదలైంది. వినికిడి పరీక్ష చేసి, పై శ్రుతులు పోయాయి, మళ్ళీ రావు అన్నారు. ఇంజెక్షన్ ఆపేస్తారా అని నేనడిగితే, ఊపిరితిత్తులా చెవులా అని డాక్టరే నన్ను అడగాల్సి వచ్చింది. చివరికి డోసు తగ్గించి కానిచ్చారు. వాంతులు, మనసంతా నల్లగా అయిపోయే రోజులు, చచ్చిపోతే బాగుండుననిపించే మాత్ర ఒకటి. స్కూలు వదిలేయాల్సి వచ్చింది. నా కూతురికీ, ఆ ముందు బెంచీ పిల్లలకూ పరీక్షలు చేయించారు. ఎవరికీ లేదని తెలిసిన రోజే కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు నాకు నయమైంది. కఫంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష వరుసగా నెగెటివ్ అని వచ్చింది. ఎక్స్‌రేలో పైభాగాన మచ్చ అలాగే ఉంటుందట. మెట్లు ఎక్కితే ఆయాసం. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను, పిల్లలు కాస్త గట్టిగా మాట్లాడాలి. వేరే సంఘానికి వెళ్తున్నాను. అక్కడ ప్రార్థనలో మాట వస్తోంది, ఎక్కువభాగం ఫిర్యాదులే.

అన్న చెప్పిన పోలికల గురించి చాలా ఆలోచించాను. అన్నీ తప్పు కావు. మనిషిని ముక్కలుగా చూడకూడదని, మనసు కుంగితే ఒళ్ళూ కుంగుతుందని చైనా వాళ్ళూ అన్నారు, మనవాళ్ళూ అన్నారు. ఆసుపత్రి వాళ్ళు ఆ మాట కొంచెం వింటే మంచిదే. వాళ్ళ వైద్యంలో గానీ మన వాక్యంలో గానీ మాత్ర పారేయమని నాకెక్కడా కనబడలేదు. అది మా అన్న సొంతంగా చేర్చిన ముక్క. దుఃఖం ఊపిరితిత్తుల్లో ఉంటుంది, క్షమించకపోతే ఒళ్ళు నయం కాదు అన్నాడు కదా. నేను ఆయన్ని క్షమించలేదు. ఈ రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ కోపం తగ్గలేదు. అంత కోపంతోనే మాత్రలు మింగాను. ఊపిరితిత్తులు మాత్రం నయమయ్యాయి.

ఇది చదివే టీబీ పేషంట్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. సూదులు పెట్టించుకోండి, ప్రార్థన చేయించుకోండి, నాడి చూపించుకోండి, మీ ఇష్టం. కానీ మందు గురించి మీకు ఎవరు ఏం చెప్పినా, వాళ్ళు మీ సొంత అన్నే అయినా, ఇంట్లో విని ఊరుకోకండి. వాళ్ళను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. అదే మాట డాక్టరు ఎదుట అనమనండి. అక్కడ అనలేని మాటకు మీ ప్రాణం అప్పజెప్పకండి.