గోగ్రాసం లెక్క

ఒక మనిషి తన బావమరిదితో మాటలు మానేశాడు. కారణం నేను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఏళ్లుగా అరగని మేతలా ఇది నా లోపలే ఉండిపోయింది.

అమెరికాలోని బెంటన్‌విల్ శివార్లలో మా పెరటి కంచె అవతల డేల్ మాంసం కోసం ఆవులను పెంచుతాడు. చలికాలంలో అక్కడ మిగిలేది సారం లేని ఎండుగడ్డి. మాంసకృత్తులు చాలకపోతే ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ గడ్డిని అరిగించలేవు; కడుపునిండా మేసినా ఆవు చిక్కిపోతుంది. అందుకని పైమేతగా, నూనె తీశాక మిగిలే పత్తిగింజల చెక్కను బిళ్లలుగా చేసి వేస్తారు. ఇదంతా నేను సొంతంగా చదివి నేర్చుకున్నాను. ఆ ఏడాది ఒక్కో ఆవుకు రోజుకు రెండు పౌండ్లని లెక్క కట్టి ఇచ్చిందీ నేనే. డేల్ నమ్మాడు. పగలంతా కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రం వచ్చి నేను చెప్పినట్టే వేసేవాడు.

తప్పు అక్కడ లేదు. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంది. గోగ్రాసం పెట్టాలనుకునేవాళ్లు మా ఇంటికి రావచ్చని అందులో రాశాను. ఎందుకు రాశాను? పుణ్యం కోసమా, ఆవులున్న మనిషినని అనిపించుకోవడానికా? రెండోదే అయి ఉంటుంది. డేల్ ఫ్యాక్టరీలో ఉండే పగటిపూట జనం వ్యాన్లలో దిగారు. చక్రపొంగలి, పులిహోర, గంపెడు అన్నం. కంచె మీదుగా పెట్టి కళ్లకద్దుకున్నారు. అవి దేనికోసం పెంచే ఆవులో వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మొదట శనివారాలే. తర్వాత పుట్టినరోజులకు, ఇంటర్వ్యూలకు, వీసా స్టాంపింగ్‌లకు. చివరికి ఆవులు గడ్డి మానేసి, వ్యాన్ శబ్దం వినిపిస్తే పరుగెత్తుకొచ్చేవి.

అన్నం లాంటి పిండిపదార్థం ఎక్కువైతే గడ్డి అరగడం ఇంకా తగ్గుతుందని నేను చదివే ఉన్నాను. చదివి కూడా, ఇక రావద్దని రాయలేకపోయాను. ఆవుకు ముద్ద పెట్టొద్దని ఏ ముఖంతో రాయను?

చలికాలం సగం గడిచేసరికి ఆవుల ఎముకలు తేలాయి. డేల్ కంచె దగ్గరికొచ్చాడు.

"నీ లెక్కలో ఎక్కడైనా తేడా కొట్టిందా?"

"లేదు డేల్. లెక్క కరెక్టే."

"అయితే చెక్కలోనే ఏదో కలిపాడు, మా ఆవిడ తమ్ముడు. పెళ్లినాటి నుంచీ వాడి మీద నాకు అనుమానమే."

దాణా కొట్టు ఆ బావమరిదిదే. నేను "ఏమో మరి" అన్నాను. అంతే అన్నాను.

నేను అబద్ధమాడలేదని ఎన్నిసార్లు సర్ది చెప్పుకున్నానో! లెక్క నిజంగానే కరెక్టు. కానీ ఆయన అడిగింది లెక్క గురించా, ఆవుల గురించా?

ఆ రోజే గ్రూపులో, కంచెకు కరెంటు పెట్టారని రాశాను. అది మాత్రం అబద్ధమే. జనం రావడం మానేశారు. అదే వారం డేల్ ఇంకో కొట్టులో చెక్క కొన్నాడు. ఆవులు కోలుకున్నాయి. ఆయనకు ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇప్పుడు డేల్ భార్య థాంక్స్‌గివింగ్ పండుగకు రెండు టర్కీ కోళ్లు వండుతుంది. ఒకటి తమ్ముడింటికి పట్టుకెళ్లి ఇచ్చి వస్తుంది. ఆ తమ్ముడు నేను ఎదురైతే చెయ్యెత్తి పలకరిస్తాడు.

చెక్కలో ఏ కల్తీ లేదు. ఆవులను పాడుచేసింది నేను. ఈ మాట తెలుగులో రాశాను, డేల్ చదవలేడు. అది తెలిసే రాశాను. అయినా కాస్త ఊపిరాడుతోంది.