కాకర పందిరికి కొట్టిన మందు

మా పెరట్లో కాకర పందిరి మా ఆవిడది. గింజ నాటిందీ, తీగకు పురికొస కట్టిందీ, ఆకుల మీద బూడిద చల్లిందీ ఆమే. మందు డబ్బా పట్టుకుని అటువైపు వెళ్లకూడదని నాకు గట్టి ఆర్డరు. "చేలో నీ ఇష్టమయ్యా. ఇంట్లో తినేది మాత్రం నా ఇష్టం" అనేది. మా వైపు మిరప రైతుల ఇళ్లన్నీ ఇంతే. అమ్మే కాయ వేరు, ఇంటి కారానికి విడిగా ఉంచుకునే నాలుగు సాళ్లు వేరు.

పోయిన ఏడు ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్లింది. నేను పొద్దున్నే మిరపకు మందు కొట్టి ఇంటికొచ్చాను. ట్యాంకు అడుగున ఇంకొంచెం మిగిలింది. పెరట్లో చూస్తే కాకర పిందెల మీద ఈగలు, రెండు కాయలు వంకరపోయి పండుబారాయి. మందు పారబోయడమంటే మాకు అన్నం పారబోసినట్టే ఉంటుంది. చెయ్యి ఊరుకోదుగా! పందిరి మీద అటో విసురు, ఇటో విసురు కొట్టేశాను. ఆమె రాగానే చెబుదాం, కొన్నాళ్లు కోయవద్దందాం అనుకున్నాను. స్నానం చేసి, చద్దన్నం తిని, పడుకున్నాను.

లేచేసరికి వంటింట్లోంచి వెల్లుల్లికారం ఘాటు. అద్దంకి నుంచి మా మేనత్త వచ్చి వసారాలో కూర్చుని ఉంది. జ్వరం తగ్గిందిగానీ నోరు సహించడం లేదట, కాకరకాయ తినాలనిపించి బస్సెక్కిందట. చిన్నప్పుడు నన్ను పెంచిన మనిషి ఆవిడ.

అంటే మా ఆవిడ కోసింది ఆ పందిరి కాయలే. వంటింటి గుమ్మంలోకి వెళ్లాను. మా ఆవిడ కాయలు గీకి, మజ్జిగలో ఉడికించి, పిండి, కారం కూరి, దారాలు చుట్టి మూకుట్లో వేయిస్తోంది. ఎండకి పందిరి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. వాసనొచ్చినా నేను విప్పేసిన చొక్కాదే అనుకుని ఉంటుంది. చెబుదామని నోరు తెరిచాను. ఇంత కష్టపడి చేసింది, చుట్టం ముందు నన్ను కడిగేస్తుంది, అని మూసుకున్నాను. ఆమె ఉప్పు సరిపోయిందో లేదోనని ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"అత్తకి చారన్నం పెట్టవే. జ్వరమొచ్చి లేచిన మనిషి" అన్నాను.

"ఒరేయ్, చారు తాగడానికి ఇంత దూరం వచ్చానా? చేదు తగిల్తేగానీ నా నాలిక్కి ప్రాణం రాదురా అబ్బాయ్" అంది అత్త వసారాలోంచి.

కంచం ముందు కూర్చుని అత్త కాయకున్న దారం విప్పింది. నోటి దాకా తీసుకెళ్లిన చెయ్యి పట్టుకున్నాను.

"వద్దత్తా. పొద్దున దానికి మందు కొట్టాను."

అత్త కాయ కింద పెట్టేసి నా మొహంలోకి చూసింది. "ఓరి నీ దుంపతెగ! ఇప్పుడా చెప్పేది?"

మా ఆవిడ కేకలేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. గబగబా వెళ్లి నోరు పుక్కిలించింది. మూకుడు తీసుకెళ్లి పెరట్లో గొయ్యి తీసి, కూరంతా పూడ్చింది. అత్తకి గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టింది. సాయంత్రం అత్తని బస్సెక్కించి వచ్చాను. నేనే ఆగలేక, "కడుపులో ఏమన్నా తిప్పుతోందా? ఆస్పత్రికి పోదామా?" అన్నాను.

"ఏం లేదు" అంది. పందిరి కింద రాలిన ఆకులు ఊడుస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"నేను ఉప్పు చూసేటప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావుగా?"

ఉన్నాను. ఆమె చేతిలోని చీపురు అందుకుని, మిగిలిన ఆకులు నేనే ఊడ్చాను.