చేపల గంపకి తలుపు తీసిన రైలు

మొన్న ఏలూరు స్టేషనులో మనవరాలి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ప్లాట్‌ఫారం చివర తెల్లటి థర్మోకోల్ పెట్టెలు కనిపించాయి. లోపల ఐసులో చేపలట. కూలీలు వాటిని రైలెక్కిస్తుంటే అడ్డు చెప్పినవాళ్ళు లేరు. నాకు మా అత్తగారు గుర్తొచ్చింది.

నేను కొల్లేటి ఒడ్డున కాపురానికొచ్చింది యాభైల్లో. అత్తగారు పొట్టి మనిషి. నెత్తిన గంప పెట్టుకుంటే దూరానికి గంపే నడిచొస్తున్నట్టుండేది. రోజూ పొద్దుటి పాసింజరుకి చేపలు వేసుకుని తాడేపల్లిగూడెం వెళ్ళేది. ఓ వేసవిలో మా చిన్న స్టేషను గోడకి కాగితం అంటించారు. ఎనిమిది చదివిన కోడల్ని కనక నేనే చదివి చెప్పాను: ఇకమీదట చేపల గంపలు పొద్దుటి రైలుకి ఎక్కించకూడదు, సాయంత్రం గూడ్సులో పంపుకోవాలి. షావుకార్ల మామిడిపళ్ళ గంపలు మాత్రం అదే పొద్దుటి రైల్లో, బండి చివరి గార్డు పెట్టెలో దర్జాగా వెళుతున్నాయి. ఆ ఎండల్లో సాయంత్రానికి చేప ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తక్కిన ఆడవాళ్ళు ఉసూరుమని ఊళ్ళ మీద అమ్ముకోవడానికి పోయారు. అత్తగారు నన్ను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళి, ఒక ప్లీడరుగారి అరుగు మీద కూర్చుంది. ఆయన ముందు నవ్వారు. తర్వాత లావుపాటి పుస్తకం తిరగేసి, "ఒకరి సరుకు ఎక్కించుకుని, కారణం లేకుండా ఇంకొకరిది వద్దనకూడదని రైలువాళ్ళకి ప్రభుత్వం చట్టం పెట్టిందమ్మా" అన్నారు.

"అయితే రైలుక్కూడా చెప్పేవోళ్ళున్నారన్నమాటండీ!" అంది అత్తగారు. అప్పటిదాకా మాకు రైలంటే కొల్లేటి వరద లాంటిది. దానికి ఒకరు చెప్పడమేమిటి!

ప్లీడరుగారు కేసు వేశారు. కోర్టులో రైల్వే వకీలు ఆవిణ్ణి నిలదీశాడు. "నీ గంప నీచు వాసన వేస్తుందా, వెయ్యదా?"

"వేత్తాదండి, చేప కదండీ. పొద్దుటి రైలుకెళ్తే నీచు వాసనండి, సాయంత్రం బండికెళ్తే కుళ్ళు వాసనండి. ఏది ఎక్కించమంటారో తమరే చెప్పండి."

అందరూ నవ్వారు, జడ్జిగారు తప్ప. ఆయన కలం పక్కన పెట్టి, "పళ్ళు వెళ్ళే పెట్టెలో చేపలకి చోటు లేదా?" అని అడిగారు. వకీలు కాగితాలు తిరగేశాడు. నాలుగు వాయిదాల తర్వాత తీర్పొచ్చింది. జనం కూర్చునే పెట్టెల్లో వద్దు. తడి గోనెపట్టా కప్పి, పొద్దుటి రైల్లోనే, గార్డు పెట్టెలో ఎక్కించుకోవాలి.

మర్నాడు స్టేషనుకి నేనూ వెళ్ళాను. బండి ఆగింది. గార్డు దిగి ఇనప తలుపు బార్లా తీశాడు. అత్తగారు కదల్లేదు. తల మీద గంపతో ఇంజను దాకా అంత పొడుగు బండినీ అలా చూస్తూ నిలబడిపోయింది.

"ఎక్కించమంటారాండీ?" అంది చివరికి, గెలిచిన మనిషి.

"కోర్టే చెప్పింది కదమ్మా, ఎక్కించు."

ఆవిడ తల మీంచి గంప దించబోయింది. నేనొక పక్క పట్టుకున్నాను. ఆవిడ తలుపు దగ్గర్నుంచి ఇవతలికి వచ్చాకే గార్డు పచ్చజెండా ఊపాడు.

అప్పటికి ఆవిడకి నలభై కూడా నిండలేదు. ఇప్పుడు నా వయసు అంతకి రెట్టింపు. అయినా ఆవిడ తలపుకొస్తే చాలు, నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కోడల్నైపోతాను.