నడుము దాకా ఉండే గొట్టం

మొన్న ఉప్పునుంతల దగ్గరి ఒక ఊళ్లో నీళ్ల మీటింగు బడిలో పెట్టారు. మేం వెళ్లేసరికి పంతులమ్మ తడిగుడ్డతో బోర్డు తుడుస్తోంది. తడిసిన సుద్ద వాసన గుప్పున తగిలి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఏమైంది మేడం, కండ్లు తిరుగుతున్నయా?" అని ఆవిడ కంగారుపడింది. ఏమీ కాలేదన్నాను. ఆ వాసనకు ఎవరికైనా చిన్నప్పటి బడి గుర్తొస్తుంది. నాకు మాత్రం దేవదానం సారు గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్లయింది.

భూగర్భ జలాల ఆఫీసులో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన మా దగ్గర ఫీల్డు పని చేసేవారు. కాగితాల ప్రకారం నేను పైఅధికారిని, ఆయన నా కింద మనిషి. ఆఫీసులో ఉన్నంతసేపూ నన్ను "మేడం" అనేవారు. జీపు వనపర్తి దాటిందంటే చాలు, "బిడ్డా" అయిపోయేదాన్ని. వాళ్ల నాన్న బావులు తవ్వే కూలి. తండ్రి వెంట ఊరూరూ వలస తిరిగి, పెద్దయ్యాక ఎప్పుడో ఆఫీసులో హెల్పరుగా చేరి, అక్కడే తల నెరిసిన మనిషి. నేనేమో యూనివర్సిటీలో రాళ్ల గురించి చదివి వచ్చాను. ఆ చదువు తలకెక్కి ఉందన్న సంగతి అప్పట్లో నాకు తప్ప అందరికీ తెలుసు.

మా పని చెప్పుకుంటే చిన్నదే. కొన్ని ఊళ్లలో సర్కారు వేయించిన బోర్లుంటాయి. వాటికి మోటరు ఉండదు, నేల మీదికి ఒక ఇనుప గొట్టం మాత్రం లేచి ఉంటుంది. నెలకోసారి వెళ్లి అందులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవాలి. సారు ఉక్కు టేపు కొసకు సుద్దముక్క బాగా రుద్ది, లోపలికి వదిలి, గొట్టం అంచు మీది ఎర్ర రంగు గుర్తు దగ్గర పట్టుకుని, మళ్లీ పైకి చుట్టేవారు. సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూస్తే లెక్క తేలిపోతుంది. చూసేముందు ఆయన టేపు కొస ఒకసారి వాసన చూసేవారు. ఎందుకని అడిగితే "ఏం లేదు బిడ్డా, అలవాటు" అనేవారు. నాకు నవ్వొచ్చేది.

ఒకసారి గద్వాల వైపు పోతూ బీచుపల్లి వంతెన దగ్గర జీపు ఆపించాను. కృష్ణ నిండుగా పారుతోంది. నాది గద్వాల. ఏటి పక్కన పుట్టినదాన్నని నాకు కాస్త మిడిసిపాటు. "ఇన్ని నీళ్లు పెట్టుకుని గొట్టాల చుట్టూ తిరుగుతున్నాం చూడండి సార్" అన్నాను. "కనవడే నీళ్లకు కావలి శానమంది ఉంటరు బిడ్డా. మన్నుల ఉన్నవాటికి ఎవరున్నరు? ఎండకాలం గీ ఏట్ల జరంత పారుతది సూడు, గవి మన్నులకెల్లి ఊరి వచ్చినయే. మీద ఉన్నా కింద ఉన్నా ఒక్కటే నీళ్లు" అన్నారు. నేను పరీక్షల్లో నాలుగు పేజీలు రాసిన విషయం అది. అంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

ఇక నా నిర్వాకం. ఆ ఏడు వానలు ఆఖర్లో మొహం చాటేశాయి. సారు భార్యకు ఒంట్లో బాగాలేక ఆయన దవాఖానలో ఉన్నారు. ఆ నెల కొలతలకు నేనే బయల్దేరాను. మొన్న మీటింగు పెట్టిన ఈ ఊరికే వచ్చాను. గొట్టం అంచు మీద ఎర్ర గుర్తు కనబడలేదు. ఎండకు వెలిసిపోయి ఉంటుందిలే అనుకుని, అంచు మీదే టేపు పట్టి కొలిచాను. పోయిన యాసంగికి, అంటే చలికాలం పంటకు ముందు ఎంత మట్టం ఉందో సరిగ్గా అంతే వచ్చింది. సంతోషం పట్టలేక ఊరివాళ్లను పోగుచేసి మరీ చెప్పాను, నీళ్లకేమీ ఢోకా లేదని. పోయిన యాసంగి వరి అంతంతమాత్రంగానైనా గట్టెక్కింది కదా, ఇప్పుడూ గట్టెక్కుతుందని వాళ్లు లెక్క వేసుకున్నారు. నాకు మంచినీళ్లిచ్చిన బుచ్చమ్మ అనే ఆమె రెండెకరాలు కౌలుకు చేస్తోంది. "అయితే వరి ఏస్త బిడ్డా, సర్కారు మనిషివి నువ్వే జెప్పినంక భయమేంది" అంది. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను కూడా.

పదిహేను రోజులకు సారు డ్యూటీకి వచ్చారు. వచ్చీరాగానే రిజిస్టరు తిప్పి ఆ ఊరి అంకె మీద వేలు పెట్టారు. "సుట్టుపక్కల ఊర్లన్ని కిందికి వోతుంటే గీ ఊరు ఒక్కటే ఎట్ల నిలవడ్డది మేడం?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు. ఆ మధ్యాహ్నమే వెళ్లాం. ఆయన టేపు తీయలేదు. గొట్టం పక్కన నిటారుగా నిలబడ్డారు. "గిది నా నడుము దాక ఉండాలె. ఇప్పుడు మోకాలు దాకనే ఉన్నది" అన్నారు. అడిగితే పక్కింటాయన చెప్పాడు, ట్రాక్టరు తగిలి గొట్టం వంగితే, పిల్లలకు గీరుకుంటుందని వంగినమేర కోయించేశారట. ఎర్ర గుర్తు కూడా ఆ ముక్కతోనే పోయింది. గొట్టం రెండడుగులు పొట్టిదైంది కాబట్టి నా టేపుకు నీళ్లు రెండడుగులు పైకొచ్చినట్టు కనబడ్డాయి. నిజానికి అవి పోయినేటికంటే రెండడుగులు దిగిపోయాయి. ఆ రెండడుగులే లేకపోతే పోయిన యాసంగి ఆఖరి తడులు అందేవి కావు.

ఉద్యోగం కొత్త, భయం. "రిజిస్టరు దిద్దేద్దాం సార్, ఎవరికీ తెలియదు" అన్నాను. రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, కానీ అన్నాను. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుంటూ "రిజిస్టర్ నేను దిద్దుత. పోసిన నారు ఎవరు దిద్దాలె?" అన్నారు. బుచ్చమ్మ పొలం వైపు నడిచారు. గట్టు దగ్గరికి రాగానే ఆగి నన్ను ముందుకు పొమ్మన్నారు. "నువ్వే జెప్పినవు గద, నువ్వే జెప్పు. నేను ఈడనే ఉంట." నారుమడి అప్పటికే జానెడు ఎదిగి పచ్చగా ఉంది. సారు పక్కన నిలబడి చూసేదాకా గొట్టం పొట్టిదైందని గమనించక నేను తప్పు కొలిచానని, వరి మొత్తం వేస్తే ఆఖర్లో నీళ్లు అందవని ఎలాగో చెప్పేశాను. ఆమె తిడుతుందని సిద్ధపడ్డాను. ఆమె వంగి నారు కొసలు చేత్తో నిమిరింది. "నువ్వు రాకుంటే నీ లెక్క తప్పిందని నాకు తెల్వకపోవు బిడ్డా. బోరు ఎండినంక నా కర్మ అనుకుందును" అంది. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఆమె అరెకరమే నాటు వేసి, మిగిలినదాంట్లో మినుములు చల్లింది. ఊళ్లో చాలామంది తగ్గించారు. రెండిళ్లవాళ్లు మాత్రం "పూటకో మాట జెప్తరా మీరు?" అని మొత్తం వరే వేశారు. శివరాత్రి దాటాక వాళ్ల బోర్లు నీళ్లకు బదులు గాలి కొట్టడం మొదలుపెట్టాయి. బుచ్చమ్మ అరెకరం చేతికొచ్చింది. ఆ రెండిళ్లవాళ్ల మళ్లు గింజ పట్టకముందే, పొట్టదశలో ఎండిపోయాయి. చూడమని సారు నాకు చెప్పలేదు. నేనే ఒక్కదాన్ని బస్సెక్కి వెళ్లి చూసి వచ్చాను. మర్నాడు ఆఫీసులో ఆయన నా మొహం చూసి "తిన్నవా మేడం?" అని మాత్రం అడిగి, తన డబ్బాలోంచి జొన్నరొట్టె సగం తుంచి పెట్టారు. ఆ ఊసు మళ్లీ మా మధ్య రాలేదు.

ఇప్పుడు మా దగ్గర కొత్త మీటర్లున్నాయి. నీళ్లు తగలగానే కీచుమంటాయి, సుద్దతో పనిలేదు. అయినా నా సంచిలో ఒక సుద్దముక్క ఉంటుంది. మొన్న కూడా బడి గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, ముందు గొట్టం దగ్గరికి వెళ్లాను. ఆ కోత తర్వాత సారు దానికి ముక్క అతికించి, ఎర్ర గుర్తు పెట్టించారు. మా డ్రైవరు వింతగా చూస్తుంటే దాని పక్కన నిటారుగా నిలబడ్డాను. నేను సారుకంటే పొట్టి, నాకు నడుము మీదికి నాలుగు వేళ్లు వస్తుంది. సరిగ్గా అక్కడికే వచ్చింది. అప్పుడు కొలిచాను. ఈసారీ నీళ్లు దిగాయి.

బడిలోకి వెళ్లి కాగితం తీశాను. ముందు బల్ల మీద బుచ్చమ్మ కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది, చూపు మాత్రం అదే. నేను నోరు తెరిచేలోపే అడిగింది.

"గొట్టం కాడ నిలవడి సూసినవా బిడ్డా?"

"సూసినమ్మా" అన్నాను.

"అయితే జెప్పు" అంది.