యాదమ్మ పుట్టువెంట్రుకలు, అత్తమ్మ మొక్కు

మా మనవరాలు తన పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఈ ఎండల్లో యాదగిరిగుట్టకు పోతానంటోంది. "అమ్మమ్మా, మీ కాలంల ఎట్ల పోయిన్రు?" అని అడిగింది. ఆమెకు చెప్పేదేదో నలుగురికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను. కారులో వెళ్లొచ్చే వాళ్లకు నా దారులూ కిరాయిలూ పనికిరావు. చంటిపిల్ల, ఎండ, అత్తగారు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

అరవైల మొదట్లో మాట. కల్వకుర్తికి మూడు మైళ్ల దూరంలో మా ఊరు. గొర్రెల మంద, నాలుగెకరాల చెలక మా ఆస్తి. మా పెద్దమ్మాయి యాదమ్మ నెలలు నిండకుండా పుట్టింది. పిడికెడంత పిల్ల, బతకదన్నారు అందరూ. అప్పుడు మా అత్తమ్మ చేతులెత్తి, "నర్సింహసామీ, గీ పిల్ల నీ మెట్లు తన కాళ్ల మీద ఎక్కి వస్తది. గప్పుడే నీకు తలనీలాలిస్తం" అని మొక్కింది. పిల్ల బతికితే జుట్టిస్తానంటే సరిపోయేది కదా! మా అత్తమ్మకు దేవుడితో కూడా షరతులు గట్టిగా ఉండాలి.

పిల్ల బతికింది. పాకింది, గోడ పట్టుకుని నిలబడింది, కానీ నడక మాత్రం రాలేదు. పంతొమ్మిదో నెల వచ్చేసరికి జుట్టు మెడ దాటింది. ఎండలకు తలనిండా సెగ్గడ్డలు లేచాయి. పిల్ల తల దిండుకు ఆనించలేక ఏడుస్తుంటే నా ప్రాణం విలవిలలాడేది. దవాఖానలో డాక్టరు వెంట్రుకలు తీస్తే తప్ప మందు అంటదని చెప్పాడు. "మొక్కు తీరంది కత్తి ముట్టొద్దు" అని అత్తమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి గుట్టకు పోవడం దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. అక్కడ స్వామే పిల్లను నడిపిస్తాడని ఆమె ధైర్యం. అక్కడికి పోయాక ఎట్లాగైనా మంగలి ముందు కూర్చోబెట్టాలని నా పంతం. మా ఆయన ఎండాకాలం కాబట్టి గొర్రెలను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. తోడుకు నా తమ్ముడు సాయిలు వచ్చాడు. ఎట్లాగూ మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే కదా వెంట్రుకలు తీసేది.

పొద్దున ఆరు గంటల బస్సు కల్వకుర్తిలో ఎక్కాం. టికెట్టు తలా రెండు రూపాయల దాకా ఉండేది. కిటికీ పక్కన కూర్చున్నామా, మొహం మీద వేడి దుమ్ము, యాదమ్మ నోట్లో కూడా దుమ్మే. పది దాటాక గౌలిగూడలో దిగి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాం. అక్కడినుంచి సికింద్రాబాద్ స్టేషనుకు రెండంతస్తుల బస్సు. పై అంతస్తులో కూర్చుని యాదమ్మ మొదటిసారి ఏడుపు మాని, కింద పోయే రిక్షాలన్నిటినీ "బా, బా" అని పిలిచింది. మా ఇంట్లో గొర్రెపిల్లలను అట్లాగే పిలుస్తాం. పన్నెండు దాటాక ప్యాసింజరు రైలెక్కితే రెండున్నరకు రాయగిరిలో దిగాం.

రాయగిరి నుంచి గుట్టకు టాంగా. మనిషికి నాలుగణాలు అడిగాడు. అణాలు పోయి నయాపైసలు వచ్చినా అందరం అణాలే అనేవాళ్లం. ముసలి టాంగావాలా పిల్ల తల చూసి, "అయ్యో బిడ్డ! ముందుగాల గా ఎంటికలు తీయించకపోయిన్రా తల్లీ?" అన్నాడు.

"మా అత్తమ్మనడుగు పెద్దాయనా" అన్నాను వినపడేటట్టు.

అత్తమ్మ గుర్రం వైపు చూస్తూ కూర్చుంది. సాయిలు నా మోచేయి పొడిచి, "ఊకో అక్కా" అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, పాపం వాడి పని.

రాత్రి సత్రంలో పడుకున్నాం. తెల్లారి ఆరింటికల్లా మెట్ల కింద ఉన్నాం. అత్తమ్మ యాదమ్మకు కొత్త గౌను తొడిగి, మొదటి మెట్టు ముందు నిలబెట్టి, తను రెండు మెట్లు పైకెక్కి చేతులు చాచింది. "రా తల్లీ, రా నా బంగారం, ఒక్క అడుగు ఏయి." యాదమ్మ నిలబడింది, అవ్వను చూసి నవ్వింది, కూర్చుంది. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ కూర్చుంది. అట్లాగే తొమ్మిదయింది. ఎండ మెట్ల మీదికి వచ్చింది. రాయి కాలి పిల్ల ఏడుపందుకుంది, నెత్తి మీద ఒక గడ్డ చితికి చీము చెవి వెనక నుంచి కారింది. అప్పుడు నాకు తిక్కరేగింది. పెళ్లయిన నాలుగేళ్లలో అత్తమ్మకు మొహం మీద ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు అంతమంది ముందు అరిచాను.

"నీ సామికి పిల్ల కావాల్నా, మాట కావాల్నా అత్తమ్మా? పిల్ల సస్తాంది! నేను ఎత్తుకపోతున్న, ఎవ్వలడ్డమొస్తరో రాండ్రి!"

అత్తమ్మ మెట్టు మీద కూలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. మెల్లగా అంది.

"నీకు ఎరకలేదు లచ్చమ్మా. నాకు మీ ఆయన కంటె ముందు ఒక ఆడిపిల్ల. గిదే ఈడు. గిట్లనే గోడ పట్టుకోని నిలవడేది. నడక రాకముందే పోయింది. నడిసిన పిల్ల నిలుస్తదని మా అవ్వ అనేది. గందుకే గట్ల మొక్కిన. జుట్టు కోసం కాదే."

ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని ఆమె పక్కన కూర్చున్నాను. సాయిలు నీళ్ల చెంబు అందించాడు.

కాసేపటికి అత్తమ్మ లేచింది. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని ముందు నిలబెట్టుకుంది. పిల్ల కుడి పాదాన్ని తన కుడి పాదం మీద, ఎడమ పాదాన్ని ఎడమ పాదం మీద పెట్టుకుంది. రెండు చేతులూ పైకి పట్టుకుని, నడుం వంచి, ఒక మెట్టెక్కింది. "కాళ్లు పిల్లయే గదా సామీ, కింద నావి ఉంటే నీకేం తక్కువ?" అంది. ఇంకో మెట్టెక్కింది. నెమ్మదిగా యాదమ్మ ఏడుపు నవ్వులోకి తిరిగింది. ప్రతి మెట్టుకూ "బా" అంటూ కేరింతలు. అత్తమ్మ వంచిన నడుం ఎత్తలేదు. నేను ఎత్తుకుంటానన్నా ఇవ్వలేదు. కొండమీది దాకా అట్లాగే ఎక్కింది. ఆమె వెనకాల కొంగు పట్టుకుని నడుస్తూ నేనూ ఏడ్చాను, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

పైన సాయిలు ఒళ్లో కూర్చోబెట్టి తలనీలాలు తీయించాం. మంగలి చెయ్యి మంచిది, గడ్డల చుట్టూ కత్తి తగలకుండా తీశాడు. గంధం రాసేసరికి పిల్ల మేనమామ ఒళ్లోనే నిద్రపోయింది. ఎన్నో రోజులకు నిశ్చింతగా పోయిన నిద్ర అది. అత్తమ్మ కాళ్లు వాచిపోయాయి. ఆ రోజు సత్రంలోనే ఉండిపోయి, ఆ కాళ్లకు నేను ఆముదం పట్టించాను. వద్దనలేదు ఆమె.

మందు అంటింది, గడ్డలు మానాయి. ఇరవై రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అత్తమ్మ చేనుకు పోయింది. నేను రొట్టె చేస్తున్నాను. వాకిట్లో యాదమ్మ గోడ వదిలేసి, గొర్రెపిల్ల చెవి పట్టుకోవడానికి నాలుగడుగులు నడిచింది. కేక వేయబోయి, పిండిచేత్తో నోరు మూసుకున్నాను. సాయంత్రం అత్తమ్మ రాగానే పిల్లను గోడకు నిలబెట్టి, "అత్తమ్మా, జర పిల్లను పిలువు" అన్నాను. పిలిచింది. పిల్ల నడిచి పోయి ఆమె కాళ్లను చుట్టేసింది. "లచ్చమ్మా, చూసినవా! అందరికంటె మొదాలు నేనే చూసిన!" అని అత్తమ్మ వాకిలంతా తిరిగింది. చూశానన్నాను. మర్నాడు ఊరంతా అరిసెలు పంచింది, బతికినన్నాళ్లూ ఆ ముచ్చట చెప్పుకుంది.

గుట్టకు పోయేవాళ్లు ఎండ రాకముందే వెంట్రుకలు తీయించండి, వెంట తడిగుడ్డ ఉంచుకోండి. అది ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇంటికి వచ్చాక సంగతి. పిల్ల మొదటి అడుగు మీ ఒక్కరి కంటనే పడి, దానికోసం మీకంటే ఎక్కువగా ఎదురుచూసిన మనిషి చేనులో ఉంటే, సాయంత్రం దాకా ఓపిక పట్టండి.