పొయ్యిలో వెయ్యమన్న కొయ్యముక్క

ఒబ్దూలియా ఎడమచేత్తో గిన్నెలు తోముతుంది. పదమూడేళ్లప్పుడు కోతల మేస్త్రీ ఎవుతీకియో ఆ చేతివాటం చూసి, "దీన్ని వరసలో పెడితే పక్కవాడి పీక కోస్తుంది" అని తరిమేశాడు. తండ్రి సతూరియో కాళ్లావేళ్లా పడి వరస చివర చోటు ఇప్పించాడు. ఆ చివరన ఎనిమిదేళ్లు దొరగారి పొలాల్లో గోధుమ కోసింది. యంత్రాలొచ్చాయి, కోతవాళ్లను పొమ్మన్నారు. ఇప్పుడు అదే దొరగారి ధాన్యపు కొట్టు హోటలయింది, ఆమె దాని వంటింట్లో చేరింది. ఎండలోంచి నీడకొచ్చింది కాబట్టి ఎదిగిందని ఊళ్లో కొందరి లెక్క.

హోటలు యజమాని లియాండ్రో, పాత దొర మనవడు. గోధుమ కంకికీ బార్లీ కంకికీ తేడా తెలియదు. అయినా గోడలనిండా కొడవళ్లూ కాడులూ మేకులకు తగిలించి, వాటికింద వెల్లుల్లి చారు అమ్ముతాడు. కొట్టు బాగుచేయిస్తున్నప్పుడు దూలం సందులో ఒక కొయ్యముక్క దొరికింది. బుల్లి చెప్పులా వంకీ తిరిగిన ముక్కు, లోపల డొల్ల, పక్కన ఒక కన్నం. అదేమిటో లియాండ్రోకు అంతు చిక్కలేదు. తనకు తెలియనిదాన్ని ఆటగా మార్చి అమ్ముకోవడం ఆ వంశానికి వెన్నతో పెట్టిన విద్య. శనివారం శనివారం మధ్యాహ్న భోజనాల దగ్గర, మాద్రిద్ నుంచి కార్లలో దిగినవాళ్ల మధ్య దాన్ని తిప్పేవాడు.

"ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం! గెలిచినవారికి వైను సీసా!"

వాళ్ల ఊహలు వినాలి! ఉప్పు గరిట అన్నాడొక వకీలు. బొమ్మకు చెప్పు అంది ఆయన భార్య. డేగ ముక్కుకు తొడుగు అన్నాడు వేట పిచ్చివాడొకడు. చేతికి పెట్టుకు చూద్దామని ఒక్కడికీ తోచలేదు. ఆ చేతులు పైరు పట్టిందెప్పుడు గనక!

మాంసం పళ్లేలు పెడుతూ ఒబ్దూలియా అన్నీ వినేది. పైరు గుప్పిట పట్టే చేతికి తొడుక్కునే తొడుగు అది. కొడవలి జారితే కొయ్య తెగుతుంది, వేలు మిగులుతుంది. ఆమె కోసం తండ్రి చెక్కాడు. ఆఖరి కోతనాడు, మళ్లీ ఏడు పనికొస్తుందని దూలం సందున దాచింది. మళ్లీ ఏడు కొట్టుకు తాళం. ఇప్పుడు నాదని అడిగితే దొంగ అంటారు, పనీ పోతుంది. ఎలాగైనా దాన్ని ఇంటికి చేర్చాలని మూడు నెలలుగా పళ్లు బిగబట్టుకుని ఉంది.

ఆ శనివారం బాల్దొమేరో అని మ్యూజియం ప్రొఫెసరొకాయన వచ్చాడు. చూడగానే కనిపెట్టాడు.

"కోతవాళ్ల వేళ్లతొడుగండీ ఇది!" అని ఎడమచేతికి పెట్టుకున్నాడు. పట్టలేదు. మొహం ముడిచాడు. "ఊహూఁ. కొడవలి కుడిచేతిలో ఉంటుంది, తొడుగు ఎడమచేతికి ఉండాలి. ఇది కుడిచేతికి చెక్కారు. దేనికీ పనికిరాదు. ఎవడో తాగి చెక్కి ఉంటాడు."

"మా ఊరివాళ్లంతే ప్రొఫెసర్‌గారూ! కుడీ ఎడమా తెలిస్తే కూలికెందుకొస్తారు?" లియాండ్రో పకపకా నవ్వి దాన్ని కట్టెల బుట్టలోకి గిరాటేశాడు. "ఒబ్దూలియా! ఆ బుట్ట లోపలికి పట్టుకుపో. పొయ్యిలో వెయ్యి."

నోరు మూసుకుని పోతే చాలు, కోరుకున్నది చేతికొచ్చేసింది. ఆమె బుట్ట ఎత్తింది. తలుపుదాకా నడిచింది. తాగి చెక్కాడట! రోజంతా కోసి వచ్చి, గుడ్డి దీపం ముందు కూతురి చెయ్యి పదిసార్లు కొలిచి చెక్కిన మనిషి!

బుట్ట దించింది. కొయ్యను కుడిచేతికి తొడిగింది. వేళ్లు లావెక్కాయేమో, రెండో కణుపు దాకే వెళ్లాయి. గోడమీది కొడవలి ఎడమచేత్తో అందుకుంది.

"ఏం ప్రొఫెసర్‌గారూ, మీ పుస్తకాల్లో ఎడమచేతివాటం వాళ్లు పుట్టరా?"

వంగి, లేని పైరును గుప్పిట పట్టి ఒక్క కోత కోసి చూపించింది. "మా నాన్న సతూరియో నాకోసం చెక్కాడు. చుక్క ముట్టని మనిషి. ఈ మూడు గాట్లూ చూశారా? ఇవి నా వేళ్లమీద పడాల్సినవి."

బల్లల దగ్గర చప్పట్లు. "ఇంకోసారి వంగమ్మా, ఫొటో సరిగ్గా రాలేదు" అంది వకీలు భార్య.

"అద్భుతం! కుడిచేతిది నేనింతవరకు చూడలేదు. మ్యూజియంలో పెట్టాలి!" ప్రొఫెసరు నోట్‌బుక్ తీశాడు.

"మా కుటుంబం ఎంత భద్రంగా దాచిందో చూశారు కదా!" అన్నాడు లియాండ్రో, నాలుక తడబడకుండా.

ఒబ్దూలియా కొడవలి మేకుకు తగిలించింది. కొయ్య తొడిగిన చేత్తోనే బుట్ట ఎత్తుకుని, "పొయ్యిలో వెయ్యమన్నారుగా చిన్నదొరా" అని వంటింట్లోకి నడిచింది. హాస్యమనుకుని అందరూ నవ్వారు.

కాఫీలయ్యాక లియాండ్రో పరుగెత్తుకొచ్చాడు. "ఏదే అది?"

"వేసేశాను."

"వేసేశావా! బుద్ధుందా నీకు?"

"చెప్పిన పని చేస్తే బుద్ధి లేనట్టా? అక్కడున్నవాళ్లంతా విన్నారుగా."

తెల్ల చొక్కాతోనే పొయ్యి ముందు మోకాళ్లమీద కూలబడి, బూడిదలో చెయ్యి పెట్టాడు. తాత కట్టించిన ఆ పొయ్యిలో ఆ వంశంవాడు చెయ్యి పెట్టడం అదే మొదలు. "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు, మళ్లీ పెట్టాడు.

ఒబ్దూలియా ఎడమచేత్తో గిన్నె తోముతూ చూస్తోంది. కుడిచెయ్యి ఏప్రన్ కింద ఉంది.

"చేతికేదైనా తొడుక్కుని వెతకండి చిన్నదొరా" అంది. "వేళ్లు పోతాయి."